పచ్చగీత పడని వాక్యం

శాండ్రింగ్‌హామ్, ఆక్లాండ్
నవంబరు 2007

చి.ల.సౌ. నిరుపమకు అనంతలక్ష్మి ఆశీస్సులు.

నువ్వు నన్నెరగవు. నేనూ నిన్నెరగను. మన తెలుగు సంఘం సెక్రటరీ పాండురంగ గారు నీ అడ్రసు ఇచ్చారు. ఉగాదికి వేసే ప్రత్యేక సంచికకు పేజీలు కట్టేది నువ్వనీ, తప్పులు దిద్దేది నేననీ ఆయనే తేల్చేశారు. నిన్ను అడిగే తేల్చారో లేదో నాకు తెలియదు. నన్నయితే అడగలేదు. అడగకపోయినా సంతోషించాను, ఆ మాట ఆయనకు చెప్పకు.

నా సంగతి చెబుతాను. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో రిటైరయ్యేదాకా తెలుగు చెప్పాను. మావారు పోయాక మా అబ్బాయి విజయకుమార్ దగ్గరకు వచ్చేశాను. మూడేళ్ళు కావస్తోంది. అబ్బాయి, కోడలు గిరిజ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. మనవరాలు అమూల్య స్కూలుకు పోతుంది. సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. అదైనా అప్పుడప్పుడు గుర్రుమంటుంది. నాకు ఆ అవసరం కూడా రాదు.

పాండురంగ గారు వ్యాసాలు ఈమెయిల్లో పంపారు. మా అబ్బాయి కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు వచ్చాయి. "నీ భాషేనా అమ్మా ఇది?" అని నవ్వాడు. కాబట్టి నాకు కాగితం మీదే పంపు. పోస్టులో రెండు రోజుల్లో వస్తుందట. అక్షరాలు కాస్త పెద్దవిగా వెయ్యి. మార్జిను ధారాళంగా వదులు. నాకు ఎర్రసిరాతో మార్జిన్లో దిద్దడం అలవాటు.

ఇంకొక సంగతి మొహమాటం లేకుండా అడుగుతున్నాను, నువ్వూ అలాగే చెప్పు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోనే ఇప్పుడు వ్యాకరణం చూసే ఏర్పాటు వచ్చిందని పాండురంగ గారన్నారు. నిజమేనా? నిజమైతే మధ్యలో నేనెందుకు?

నీకూ, మీవారికీ నా దీవెనలు.

అనంతలక్ష్మి


పామర్‌స్టన్ నార్త్
డిసెంబరు 2007

అనంతలక్ష్మి ఆంటీకి నమస్కారాలు.

మీ ఉత్తరం తలుపు కింద కరెంటు బిల్లుతో పాటు పడి ఉంది. కవరు మీద నా పేరు తెలుగులో కూడా రాశారు. పోస్టు అతనికి దానితో పనిలేదు. నేను మాత్రం అక్కడే నిలబడి చాలాసేపు చూశాను.

మీరడిగినదానికి జవాబు ముందు చెబుతాను. నిజమే, వ్యాకరణం చూసే ఏర్పాటు ఉంది. నేను పనిచేసే ప్రింటింగ్ కంపెనీ వాళ్ళు పోయిన నెలే కొన్నారు. ఇదివరకు వ్యాసాన్ని ఇంకో ప్రోగ్రాంలో దిద్దుకుని, తర్వాత పేజీలోకి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు పేజీలోనే చూస్తుంది. అక్షరం తప్పయితే ఎర్రగీత, వాక్యం తప్పయితే పచ్చగీత. గీత మీద నొక్కితే కారణం చెబుతుంది, ఒప్పుకుంటే అదే మార్చేస్తుంది. మేం వేసేవి పాలు పితికే మెషీన్ల కాటలాగులు, ట్రాక్టర్లవి, గొర్రెల వేలం ప్రకటనలు. అన్నీ ఇంగ్లీషే. ఇంగ్లీషులో నేనెక్కడ పొరపాటు చేస్తానో అని మా బాసుకు భయం. ఇది నా కోసమే కొన్నారేమో అని నాకు అనుమానం. ఎవరూ అలా అనలేదు. అందరూ మంచివాళ్ళే. పొద్దున "హౌ ఆర్ యూ" అంటారు, "గుడ్" అంటాను. సాయంత్రం "సీ యా" అంటారు. మధ్యలో పచ్చగీతలే నాతో మాట్లాడేవి.

తెలుగు మాత్రం దానికి రాదు ఆంటీ. మన అక్షరాలు దాని కంటికి ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు అనే వేషం వేస్తే మనకు తెలుగులా కనిపిస్తాయి, అంతే. అందుకే మీ అబ్బాయి కంప్యూటర్లో డాలరు గుర్తులు వచ్చాయి. అక్కడ ఆ ఫాంటు లేదు. నా దగ్గర తెలుగు పేజీ తెరిస్తే మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎర్రగీతలే. కాబట్టి మీరు కావాలి.

నేను విజయవాడలో ఒక వారపత్రికలో డీటీపీ చేసేదాన్ని. అక్కడ మా గదిలో నలుగురం ఒకేసారి మాట్లాడుకుంటూ కంపోజ్ చేసేవాళ్ళం. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు. ఊరు చదునుగా ఉంటుంది, గాలి మాత్రం ఆగదు. కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. లంచ్‌కి కారులో కూర్చుని వాటిని చూస్తూ తింటాను.

మొదటి పేజీలు ఇందులో పెట్టాను. అక్షరాలు పెద్దవి చేశాను.

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
జనవరి 2008

చి.ల.సౌ. నిరుపమకు,

ముందు ఒక తప్పు దిద్దుతాను. నన్ను ఆంటీ అనకు. ఈ ఊళ్ళో కూరగాయల కొట్టతని దగ్గర్నుంచి అందరికీ నేను ఆంటీనే. పిన్నీ అను. ఆ పిలుపు విని మూడేళ్ళయింది.

పేజీలు చూశాను. నువ్వు మంచి పనిమంతురాలివి. వ్యాసాలు రాసినవాళ్ళ గురించి మాత్రం ఆ మాట అనలేను. ఒకాయన "నాచేత ఈ దేశం చాలా ప్రేమించబడుతున్నది" అని రాశాడు. ఈ దేశాన్ని ప్రేమిస్తున్నాను అంటే ఏం పోయింది? నీ పచ్చగీత ఇటువంటివి పట్టుకుంటుందా?

ఎర్రసిరా కాస్త చిందరవందరగా ఉంటే ఏమనుకోకు. ఈ ఇంట్లో లైట్లు పసుపువి. పగలు కూడా మబ్బుగానే ఉంటుంది నాకు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూస్తున్నాను. గిరిజ మొన్న తొందరగా వచ్చి, "అత్తయ్యా, ఎండలో కూర్చున్నారేంటి, తలనొప్పి రాదూ?" అంది. పని ఉందమ్మా అన్నాను. ఆ మాట అనడం ఎంత బాగుందో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గాలి గురించి రాశావు, గాలిమరల గురించి రాశావు. మీవారి పేరైనా రాయలేదు. ఏం చేస్తారు? ఆయనకు కూడా లంచ్ కారులోనేనా?

అనంతలక్ష్మి పిన్ని


పామర్‌స్టన్ నార్త్
జనవరి నెలాఖరు

పిన్నిగారికి నమస్కారాలు.

ఎర్రసిరా పేజీలు అందాయి. ఇన్నాళ్ళకు నా పనిని ఒక మనిషి దిద్దారు. దిద్దించుకోవడం ఇంత బాగుంటుందని మరిచిపోయాను. అన్నీ మార్చాను. మూడో పేజీలో రెండు దీర్ఘాలు, ఒక ఒత్తు నేనే సరిచేశాను. మీ పెన్ను వాటి పక్కనుంచి పోయినట్టుంది.

"ప్రేమించబడుతున్నది" గురించి అడిగారు. ఇంగ్లీషులో అయితే పచ్చగీత పట్టుకుంటుంది. పని చేసినవాళ్ళెవరో చెప్పకుండా పని జరిగిందని రాస్తే దానికి నచ్చదు. 'ఎవరు చేశారో చెప్పండి' అన్నట్టు ఒక చిన్న పెట్టె తెరుస్తుంది. కాటలాగుల్లో అటువంటి వాక్యాలే ఎక్కువ. "గిన్నెలు కడగబడును, పాలు చల్లార్చబడును." ఎవరు కడుగుతారో ఎవరికీ అక్కర్లేదు. బాసు వాటిని అలాగే ఉంచమన్నాడు.

మావారి పేరు వంశీకృష్ణ. సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు. ప్రస్తుతం మెల్‌బోర్న్‌లో ఉన్నారు, అక్కడి కంపెనీలో. పని ఒత్తిడి ఎక్కువ. వీలు చూసుకుని వస్తారు.

ఇక్కడ ఎండలు బాగున్నాయి. నది ఒడ్డున అందరూ సైకిళ్ళు తొక్కుతున్నారు.

తర్వాతి పేజీలు పంపుతున్నాను. వీటిలో మీ వ్యాసం కూడా ఉంది, "కొత్త ఊళ్ళో పాత మాటలు". కంపోజ్ చేస్తూ ఒకచోట ఆగిపోయాను. మాట్లాడకపోతే మాటలు నోట్లోనే ముసలివవుతాయని రాశారు. దాని కింద కూడా ఎర్రగీతే పడింది. నాకు కోపం వచ్చింది.

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
ఫిబ్రవరి 2008

చి.ల.సౌ. నిరుపమకు,

నీ సాఫ్ట్‌వేర్ మీద ఈసారి నేనే గెలిచాను. కుటుంబాల పేజీ చూస్తుంటే దొరికింది. దేశంలో ఉన్న మనవాళ్ళందరి పేర్లూ ఊరి వారీగా వేశారు కదా, పామర్‌స్టన్ నార్త్ కింద "నిరుపమ" అని ఒక్క పేరే ఉంది. పక్కన చోటు కూడా ఖాళీగానే ఉంది. పేరు జారిపోయిందమ్మా! ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ పెట్టి నీ మొగుడి పేరు వదిలేశావు. గుర్తు పెట్టి, "వంశీకృష్ణ, నిరుపమ" అని మార్జిన్లో రాశాను. పాండురంగ గారికి కూడా ఫోన్ చేసి చెప్పాను, ఆయన తన కాపీలో చేర్చుకున్నారు.

నవ్వొచ్చింది నాకు. అందరి తప్పులూ చూసేవాళ్ళకు సొంత పేజీలో తప్పు కనిపించదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నాకూ ఇంతే.

ఆయన మెల్‌బోర్న్ నుంచి వచ్చారా? వస్తే ఉగాది ఫంక్షన్‌కి ఇద్దరూ రండి. మా ఇంట్లోనే దిగండి. గిరిజతో చెప్పాను, సరే అంది.

అనంతలక్ష్మి పిన్ని


పామర్‌స్టన్ నార్త్
ఫిబ్రవరి

పిన్నిగారికి,

అది జారిపోలేదు. నేను తీసేశాను.

వచ్చే నెలకు ఆయన మెల్‌బోర్న్ వెళ్ళి రెండేళ్ళవుతుంది. మొదట ఉద్యోగం కోసమనే వెళ్ళారు. ఇల్లు చూసి నన్ను పిలుస్తానన్నారు. ఆర్నెల్లు రోజూ ఫోన్ చేశారు. తర్వాత వారానికొకటి, తర్వాత పండగలకు. పోయిన ఉగాదికి ఫోన్ చేసి, రావద్దన్నారు. అక్కడ ఇంకెవరూ లేరట. నాతో ఉంటే ఊపిరాడదని మాత్రం చెప్పారు. నేనేం చేశానని అడిగాను. ఏం చెయ్యలేదు, అదే, అన్నారు.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మెల్‌బోర్న్‌లో ఉన్నారు అంటే అబద్ధం కాదు కదా. మీకూ అదే రాశాను.

పేజీ కడుతూ రెండు పేర్లూ వేశాను. తీశాను. మళ్ళీ వేశాను. ఏది రాసినా నా పేరు కింద ఎర్రగీత అలాగే ఉంది. చివరికి తీసేసి మీకు పంపాను. మీరు ఎర్రసిరాతో ఆయన పేరు మళ్ళీ రాశారు.

మీ తప్పు లేదు. మీకు తెలియదు.

ఉత్తరం మొదట్లో మీరు రాసే మాట నాకు వర్తిస్తుందో లేదో నాకు తెలియడం లేదు.

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
ఫిబ్రవరి

నిరుపమా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మధ్యాహ్నం దాకా జవాబు రాయలేకపోయాను. ఎన్ని వందల మంది పిల్లల పేపర్లు దిద్దానో నాకే లెక్క తెలియదు. ఇంత చెడ్డగా ఎప్పుడూ దిద్దలేదు.

ఎందుకు వెళ్ళాడని నేను అడగను. నిన్ను ఓదార్చనూ ఓదార్చను. మావారు పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టి పెట్టి అలిసిపోయాను.

చెయ్యగలిగిన పని ఒకటుంది, అది చేశాను. పాండురంగ గారికి ఫోన్ చేశాను.

"ఆ పేరు తీసేయండి, పొరపాటు నాది" అన్నాను.

"అయ్యో, కుటుంబాల పేజీ కదమ్మా. ఒక్క పేరు ఎలా వేస్తాం? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కావాలంటే ఆ ఊరే తీసేద్దాం" అన్నారాయన.

"ఒక్క మనిషి ఉంటే అది కుటుంబం కాదా అండీ?"

"కాదని కాదు. పద్ధతి అని ఒకటుంది."

"సరే. నా పేరు మా అబ్బాయి పేరు కింద చిన్న అక్షరాల్లో వేశారు. దాన్ని కూడా విడిగా వెయ్యండి. అనంతలక్ష్మి, శాండ్రింగ్‌హామ్. అప్పుడు ఇద్దరమవుతాం. ఇద్దరుంటే పద్ధతే."

చివరికి ఆయన, "మీ ఇష్టమమ్మా, మీతో నేను వాదించలేను" అన్నారు. నువ్వు పేజీ అలాగే కట్టు. నా పేరు చూసి మా అబ్బాయి ఏమంటాడో తెలియదు. అననీ.

సాయంత్రాలు ఏం వండుకుంటున్నావు? ఒక్కదానికే వండుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇక్కడ నలుగురికీ వండుతాను, అయినా తినేటప్పుడు ఒక్కదాన్నే.

పిన్ని


పామర్‌స్టన్ నార్త్
మార్చి 2008

పిన్నికి,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెట్టాను. కోప్పడకండి.

పోయిన వారం చివరి ప్రూఫు పంపాను కదా. దానికి ముందు, పిల్లలు రాసిన ఇంగ్లీషు పేజీలకు వ్యాకరణం చూశాను. చాలా పచ్చగీతలు వచ్చాయి. ఒక్కొక్కటీ నొక్కే ఓపిక లేక, 'అన్నీ మార్చు' అనే బటన్ నొక్కాను. ఆ పేజీలకే అని చెప్పడం మరిచిపోయాను. అది పుస్తకం మొత్తం మార్చేసింది. ఇంగ్లీషులో వాక్యం మొదట పెద్ద అక్షరం ఉండాలి కదా, తెలుగు పేజీల్లో కూడా ప్రతి చుక్క తర్వాతి అక్షరాన్నీ పెద్దది చేసింది. మన ఫాంటులో పెద్ద అక్షరం అంటే వేరే అక్షరం. 'కాలం' అన్నచోట 'ఖాలం', 'తల్లి' అన్నచోట 'థల్లి', 'దేశం' అన్నచోట 'ధేశం'. అలా ప్రతి పేజీలో, ప్రతి వాక్యం మొదట. మీ వ్యాసంలో కూడా. 'కొత్త ఊళ్ళో' కాస్తా 'ఖొత్త ఊళ్ళో' అయింది, మొదటి వాక్యంలోనే.

నేను చూసుకోకుండా దాన్నే ప్రింటు తీసి మీకు పంపాను. మీరు పైన "అంతా సరిగ్గా ఉంది, అచ్చుకు ఇవ్వవచ్చు" అని రాసి తిప్పి పంపారు. లోపల ఒక్క ఎర్రచుక్క కూడా లేదు.

ఫైలు అచ్చుకు పంపబోతూ చూశాను. ఆగిపోయాను. మీ పాత ప్రూఫులు పక్కన పెట్టుకుని శనాదివారాలు కూర్చుని అన్నీ సరిచేశాను. పుస్తకానికి ఏమీ కాలేదు. దాని గురించి కాదు నేను రాస్తున్నది.

పాత ప్రూఫులు ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే మీ ఎర్రసిరా గుర్తులు ఒక్కొక్కసారి తప్పు మీద కాకుండా పక్క అక్షరం మీద ఉన్నాయి. నెలనెలా ఎక్కువయ్యాయి. మీ చేతిరాత కూడా పెద్దదైంది.

పిన్నీ, మీకు కనిపిస్తోందా?

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
మార్చి

నిరుపమా,

కనిపించడం లేదు.

చూపు నడుమ ఒక మచ్చ ఉంటుంది. ఎటు చూస్తే అటు వస్తుంది. ఏ అక్షరాన్ని చూద్దామనుకుంటానో అది పోతుంది, దాని పక్కవి ఉంటాయి. అందుకని పక్కకు చూస్తూ, ఓరకంటితో ఈ అక్షరాన్ని పట్టుకుంటాను. మనుషుల మొహాలూ అంతే. అమూల్య ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయి, నవ్వుతోందో లేదో తెలియదు. నిరుడు కళ్ళజోడు కొట్లో పరీక్ష చేసిన అమ్మాయి పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళమని కాగితం ఇచ్చింది. వెళ్ళలేదు. ఇంట్లో చెప్పలేదు. చెబితే స్టవ్ ముట్టుకోనివ్వరు, రోడ్డు దాటనివ్వరు. అప్పుడింక నేనెందుకు ఇక్కడ?

మొదటి ప్రూఫులు నిజంగానే దిద్దాను. భూతద్దం పెట్టి, కిటికీ దగ్గర, ఒక్కొక్క పేజీ ఒక రోజు. తర్వాత తర్వాత సగం చూసి, సగం ఊహించి దిద్దాను. ఇన్నేళ్ళు చదివినదాన్ని కదా, వాక్యం మొదలు తెలిస్తే చివర తెలుస్తుంది. చివరి ప్రూఫు మాత్రం చూడనేలేదు. కాగితాలు తిప్పాను, అంతే. నువ్వు జాగ్రత్తగల పిల్లవు, తప్పులుండవని ధైర్యం చేసి ఆ మాట రాశాను. నా సొంత వ్యాసంలో మొదటి మాట తప్పయినా తెలియలేదు నాకు.

పాండురంగ గారికి చెప్పెయ్యి. వేరేవాళ్ళతో చూపించమను. నా పేరు సంపాదకుల్లోంచి తీసేయమను. చూడనిదానికి పేరెందుకు?

ఈ ఉత్తరంలో వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. తెలుసు.

పిన్ని


పామర్‌స్టన్ నార్త్
మార్చి

పిన్నీ,

పాండురంగ గారికి నేనేమీ చెప్పను. అచ్చుకు ఇవ్వడానికి ఇంకా వ్యవధి ఉంది. నేను సరిచేసినదాన్ని ఎవరో ఒకరు చూడాలి, నా మీద నాకు నమ్మకం పోయింది.

ఈ శనివారం పొద్దున ఫోన్ చేస్తాను. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. మీరు వినండి. తప్పు వినిపిస్తే ఆపండి. 'ఖాలం' అని చదివితే మీకు వినిపించదా?

డాక్టరు దగ్గరకు వెళ్ళండి. గిరిజగారికి చెప్పండి. నాకు రాసినట్టే చెప్పండి, చెవులు కనిపిస్తాయి నవ్వు తెలియదని. నేను ఏడాది పాటు దాచి చూశాను పిన్నీ. దాచినందువల్ల ఏదీ నిలబడలేదు.

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
ఏప్రిల్ 2008

నిరుపమా,

ఇది గిరిజ చేతిరాత. నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

ఉగాది ఫంక్షన్ బాగా జరిగింది. పుస్తకం అందరికీ పంచారు. ఎవరో వెనక కుర్చీలోంచి, "ఈసారి తప్పులు లేవండీ" అన్నారు. నాకు వినిపించింది. కుటుంబాల పేజీలో మన పేర్లు చూసి ఎవరేమన్నారో తెలియదు. మా అబ్బాయి మాత్రం, "నన్ను విడిచి వెళ్ళిపోయావేంటమ్మా" అని వేళాకోళం చేశాడు. నువ్వు వస్తావని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. వచ్చినా మొహం తెలిసేది కాదనుకో, గొంతు పట్టుకునేదాన్ని. రెండు శనాదివారాలు చెవిలో పెట్టుకున్న గొంతు. ఎందుకు రాలేదు?

గిరిజతో చెప్పాను. వంటింట్లో నిలబడి చెప్పాను. తను గరిటె కింద పెట్టేసింది. "ఇన్నాళ్ళూ నా మొహం కనిపించకుండానే నాతో మాట్లాడారా అత్తయ్యా?" అంది. తర్వాత ఏడ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. పోయినది తిరిగి రాదట. ఉన్నది ఉంచడానికి ఇంజెక్షన్లు ఉన్నాయట, కంట్లోనే పొడుస్తారట. సరే అన్నాను. స్టవ్ ముట్టుకోవద్దని ఇంకా ఎవరూ అనలేదు.

పుస్తకం అయిపోయింది. శనివారం పొద్దున ఫోన్ దగ్గరే కూర్చున్నాను, ఊరికే.

పిన్ని

(నిరుపమగారూ, ఇది నేను రాస్తున్నాను. అత్తయ్య ఫోన్ దగ్గర చాలాసేపు కూర్చున్నారు. మీకు వీలైతే చెయ్యండి. గిరిజ)


పామర్‌స్టన్ నార్త్
మే 2008

పిన్నికి, గిరిజగారికి,

ఇది గిరిజగారే చదివి వినిపిస్తారని తెలిసే రాస్తున్నాను. ఇక దాచేదేమీ లేదు.

ఫంక్షన్‌కి రాలేకపోయాను. ఆ వారమే మెల్‌బోర్న్ నుంచి విడాకుల కాగితాలు వచ్చాయి. ఇక్కడి చట్టం ప్రకారం రెండేళ్ళు విడిగా ఉంటే చాలు. ఇద్దరూ సంతకం పెట్టి కోర్టుకు ఇస్తే సరిపోతుంది. కారులో బట్టల సంచీ కూడా పెట్టుకున్నాను. ఆ కవరు చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాను.

పోయిన శనివారం నేను ఫోన్ చేసినప్పుడు, చదవడానికి ఇంకేమీ లేక ఆ కాగితాలే చదివాను. మీరు తెలుగులో చెప్పమన్నారు. "ఈ వివాహం తిరిగి అతకడానికి వీల్లేనంతగా విరిగిపోయింది" అని చెప్పాను. మీరు అడిగారు, "దానంతటదే విరిగిందా? వ్యాకరణానికి కర్త వివాహమే, ఒప్పుకుంటాను. కానీ వివాహం ఏ పనీ చెయ్యదు కదమ్మా. చేసిందెవరు?" కోర్టుకు అది అక్కర్లేదు పిన్నీ, ఎవరి తప్పో వాళ్ళు అడగరు అన్నాను. "కోర్టుకు అక్కర్లేదు, సరే. నీకు?" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ తప్పుకు క్షమించండి.

సోమవారం ఆఫీసులో అందరూ లంచ్‌కి వెళ్ళాక ఖాళీ పేజీ ఒకటి తెరిచి ఆ ఇంగ్లీషు వాక్యం కొట్టాను. వ్యాకరణం చూడమన్నాను. ఒక్క గీత కూడా రాలేదు. ఎర్రది లేదు, పచ్చది లేదు. దాని లెక్కలో ఆ వాక్యంలో తప్పేమీ లేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. కర్త ఎవరని మీరడిగినది చెవిలో మోగుతూనే ఉంది. ఫాంటు మార్చి కింద తెలుగులో కొట్టాను. రెండే వాక్యాలు. వెంటనే ఎర్రగీతలు పడ్డాయి, ఎప్పటిలాగే. వాటిని పట్టించుకోకుండా ప్రింటు తీశాను. ఇందులో పెట్టాను.

అందులో ఉన్నది గిరిజగారు చదవడానికి ఇబ్బంది పడతారేమో, ఇక్కడ కూడా రాస్తున్నాను. "వంశీ వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను."

సాయంత్రం ఇంటికి వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాను. ఏడుస్తాననుకున్నాను. చారు పెట్టుకుని తిన్నాను. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే లేచి వేశాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. కానీ అది నా ఇల్లు అని మొదటిసారి అనిపించింది.

ఆ రెండు వాక్యాలూ ఒకసారి చూడండి పిన్నీ. తప్పులుంటే దిద్ది పంపండి.

నిరుపమ


శాండ్రింగ్‌హామ్
మే 2008

నిరుపమా,

లావు పెన్నుతో నేనే రాస్తున్నాను. ఒక్కో కాగితానికి నాలుగు వరుసలే పడతాయి, సర్దుకో.

గిరిజ రెండుసార్లు చదివింది. మూడోసారి నేను చదవమనలేదు, తనే చదివింది.

'వెళ్ళిపోయారు' అని రాసి ఉంటావని భయపడుతూ విన్నాను. నీ ఉత్తరాలన్నిటిలోనూ అతను 'ఉన్నారు', 'వెళ్ళారు', 'అన్నారు'. 'వెళ్ళిపోయాడు' అని వినపడగానే గిరిజ చెయ్యి పట్టుకున్నాను.

రెండో వాక్యం దగ్గర ఆగాను. తప్పు ఉండి కాదు. ఆ మాట రాసిన రోజు నీ పక్కన ఎవరూ లేరే అని.

ప్రూఫు తిప్పి పంపుతున్నాను. దిద్దడానికి ఏమీ లేదు. ఈసారి చూడకుండా అంటున్న మాట కాదు, విని అంటున్నాను.

శనివారం పొద్దున ఫోన్ తీస్తాను. చదవడానికి ఏమీ లేకపోతే ఊరికే ఉందాం.

పిన్ని